పాచికకు అడ్డుతెర

గేమ్ మాస్టర్‌కు తెర కావాలా వద్దా అని ఎవరడిగినా నేను కావాలనే చెబుతాను. అయితే కొట్లో దొరికే అట్ట తెర వద్దు. మన పెళ్లిళ్లలో పట్టే అడ్డుతెర కావాలి. దాన్ని ఇద్దరు మనుషులు చేతులతో పట్టుకోవాలి. వెనక దీపం ఉండాలి. రాత్రి మొత్తంలో ఒక్కసారే పట్టాలి, పట్టిన తెరను అందరూ చూస్తుండగా దించాలి. సికింద్రాబాద్‌లో, వెస్ట్ మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో శనివారం రాత్రుళ్లు భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఇలాగే ఆడుతున్నాం. మీరూ ఇలాగే ఆడాలని నా కోరిక. అందుకే ఏదీ దాచకుండా చెబుతున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చారు. నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం కథ నడుపుతారు. ‘ఎదురుగా గుహ ఉంది, లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, ఏం చేస్తారు?’ అని అడిగే ఆ మనిషే గేమ్ మాస్టర్. పని అవుతుందో కాదో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడ్డ అంకెకు పాత్ర నేర్పు కలిపి చూస్తారు, కావలసినంత వస్తే పని అయినట్టు. గేమ్ మాస్టర్ తన ముందు మడతల అట్ట ఒకటి నిలబెట్టుకుంటాడు, అదే స్క్రీన్. 1977లో జడ్జెస్ గిల్డ్ అనే కంపెనీ జడ్జెస్ షీల్డ్ పేరుతో దాన్ని అమ్మింది. రెండేళ్లకు ఆటను ప్రచురించిన టీఎస్ఆర్ కంపెనీ కూడా తనది తెచ్చింది. ఆటగాళ్ల వైపు రంగుల బొమ్మ, మాస్టర్ వైపు నిబంధనల పట్టికలు. ఆ అట్ట చాటున మ్యాపు, రాక్షసుల బలాబలాలు, పాచిక ఉంటాయి.

మేమూ అట్టతోనే మొదలుపెట్టాం. దాన్ని తీసేయించింది నా కాలేజీ మిత్రుడు. అతను రైల్ నిలయంలో పద్దులు చూస్తాడు, అంకె కంటికి కనబడితే తప్ప నమ్మడు. “నువ్వు ఆ అట్ట ఎనక ఏం జేస్తున్నవో మాకెట్ల తెలుస్తది?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సరేనని అట్ట అటక మీద పెట్టేశాను. మూడు నెలలు అన్ని పాచికలూ బల్ల మధ్యలోనే వేసుకున్నాం.

ఆ మూడు నెలల చివర మా మేనల్లుడి దొంగ చచ్చిపోయాడు. మేనల్లుడికి పదిహేడేళ్లు. ఆ దొంగను ఎనిమిది నెలలు పెంచుకున్నాడు. వాడికో తల్లిని, అప్పిచ్చినవాణ్ణి, ఎడమ కాలి కుంటిని కల్పించుకున్నాడు. పాడుబడ్డ కోట బావిలోకి తాడు పట్టుకుని దిగుతుంటే తాడు తెగింది. పాచిక వేశాడు. అది బల్ల మీద దొర్లి చట్నీ గిన్నెకు తగిలి ఆగింది. నేను నోరు తెరవకముందే మిత్రుడు లెక్క చెప్పేశాడు: “మూడు. ప్లస్ రెండు, అయిదు. పన్నెండు రావాలె. పోయిండు.” నేను బావి గురించి, నీళ్లలో పడ్డ చప్పుడు గురించి ఏదో చెప్పబోయాను. ఎవరూ వినలేదు, వినడానికేమీ మిగల్లేదు. మేనల్లుడు పెన్సిల్‌ను పాత్ర వివరాల షీటు మీద పెట్టి లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డాడు. ఎనిమిది నెలల మనిషి ఒక కూడికలో పోయాడు.

ఆ రాత్రే నాకు స్పష్టమైంది. పాచిక బాహాటంగా వేస్తే న్యాయం జరుగుతుందని అందరూ అంటారు. శకుని ఏ తెర చాటున వేశాడు? నిండు సభలో, భీష్మద్రోణుల కళ్లెదుట వేశాడు. సినిమాలో శకుని వేషం కట్టిన ధూళిపాళ చేతిలో ఆ పాచికలు చూస్తూ పెరిగినవాళ్లం, బాహాటంగా వేసినంత మాత్రాన మోసం ఆగదని మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా బాహాటంగా వేసే పాచిక ఇంకో నష్టం చేస్తుంది. పడటానికీ తెలియడానికీ మధ్య ఉండాల్సిన కాలాన్ని మింగేస్తుంది. ఆ కాలంలోనే కథ ఉంటుంది.

ఆ కాలాన్ని ఎలా పట్టి ఉంచాలో మనవాళ్లకు బాగా తెలుసు. పెళ్లిపీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర పడుతుంది. అటొకరు ఇటొకరు బంధువులు దాన్ని పట్టుకుంటారు. ఆ అమ్మాయినీ అబ్బాయినీ నిశ్చితార్థంనాడే పక్కపక్కన కూర్చోబెట్టి ఉంటారు, ఫోటోలు తీసి ఉంటారు. అయినా తెర పడుతుంది. సుముహూర్తం వేళ తెర మీదుగా చేతులు చాచి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు. తెర దిగుతుంది. అప్పుడు చూసుకునే చూపు ఫోటోల్లో చూసింది కాదు. గుళ్లో నైవేద్యం వేళా అంతే. రోజూ చూసే దేవుడే, తెర తీసి హారతి ఇచ్చేటప్పుడు మాత్రం జనం మడమలెత్తి చూస్తారు.

కూచిపూడివాళ్లదీ ఇదే పద్ధతి. భామాకలాపంలో సత్యభామ నేరుగా వేదిక మీదికి రాదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, ముందుగా తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను మించినవాళ్లుంటే రండి అని సవాలు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషం కడితే, ముఖం కనబడకుండా ఆ జడ ఒక్కటే సభనంతా పట్టి ఉంచేదని చూసినవాళ్లు చెబుతారు. అట్ట తెర తనంతట తాను నిలబడుతుంది, దాన్ని ఎవరూ దించరు. మన తెరను మనుషులు పట్టుకుంటారు, దించడానికే పట్టుకుంటారు.

ఇక చేయాల్సింది చెబుతాను.

ముందు గుడ్డ. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్లి తెల్ల మల్లు గుడ్డ రెండు మీటర్లు తీసుకోండి. పాలిస్టర్ వద్దు, అది వెలుతురులో మెరుస్తుంది, నీడ విరుగుతుంది. లాంగ్‌క్లాత్ కూడా మందమే. గుడ్డను ఎడం చేతి మీద పరిచి కొట్లోని బల్బు వైపు ఎత్తి చూడండి. వేళ్లు విడివిడిగా కనిపించాలి, గోళ్లు కనిపించకూడదు. అంతటి గుడ్డ సరిపోతుంది. చీరలకు ఫాల్, పీకో చేసేవాళ్ల దగ్గర మూరన్నర ఎత్తుకు కత్తిరించి అంచు కుట్టించండి. మూరన్నర అంటే బల్ల మీది నుంచి కూర్చున్న మనిషి నొసలు దాటేదాకా వస్తుంది. రెండు కొసల్లో కర్ర దూరేంత గొట్టంలా కుట్టమనండి. ఇంటికి తెచ్చాక కొత్త బట్టకు పెట్టినట్టే నాలుగు మూలలా పసుపు పెట్టండి. ఈ పసుపును వదిలేయమని కొందరంటారు. వదిలేయకండి. పసుపు పెట్టిన గుడ్డతో ఎవరూ చేతులు తుడుచుకోరు.

తర్వాత పళ్లెం. పాచికల కోసం వెల్వెట్ పరిచిన ట్రేలు అమ్ముతున్నారు. అవి కొనకండి. వెల్వెట్ మీద పాచిక మూగబోతుంది. ఇంట్లో ఇత్తడి పళ్లెం తీయండి, అంచు తక్కువగా ఉన్నది. పాచిక పడ్డ మోత, దొర్లిన గరగర, ఆగేముందు వచ్చే ఆ చిన్న టకటక అందరికీ వినబడాలి. తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు తెర వెనకవాళ్లు చెక్కల మీద కాళ్లతో తొక్కి మోత పుట్టిస్తారు. చూసేవాళ్లకు కనిపించేది రెండు తోలుబొమ్మల నీడలే. ఆ మోత కలిస్తేనే అది కురుక్షేత్రం.

దీపం అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి. అట్ట తెర మీద మిత్రుడికొచ్చిన అనుమానం అంకె గురించి కాదు, నా చేతి గురించి. అట్ట అంకెనూ దాస్తుంది, చేతినీ దాస్తుంది. చాటున ఆ చెయ్యి పాచికను తిప్పిందేమోనన్నది అతని బాధ. పల్చటి గుడ్డ వెనక దీపం పెడితే అంకె దాగుతుంది, చెయ్యి మాత్రం నీడగా కనబడుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లు ఈ పని తరతరాలుగా చేస్తున్నారు. అనంతపురం వైపు ధర్మవరం దగ్గరి ఊరది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెరకు ఆనించిన బొమ్మ నీడ గీత గీసినట్టుంటుంది, తెరకు దూరం జరిపితే పెద్దదై మసకబారుతుంది. కాబట్టి పళ్లేన్ని తెరకు జానెడు దూరంలో ఉంచండి. దీపాన్ని పళ్లేనికి రెండడుగులు వెనగ్గా, బల్ల మట్టానికి కొంచెం పైన పెట్టండి. ఒంటి బల్బు టేబుల్ ల్యాంపు చాలు. ట్యూబ్‌లైట్ ఆర్పేయాలి, అది ఎక్కడా నీడను నిలవనివ్వదు. కూచిపూడి భాగవతులు ప్రవేశం వేళ దివిటీల మీద గుగ్గిలం చల్లి మంట లేపేవారు. ఫ్లాట్లలో గుగ్గిలం వద్దు, పై ఇంటివాళ్లు కంగారుపడతారు. కొంచెం సాంబ్రాణి వేసుకోవచ్చు.

తెర ఎప్పుడు పట్టాలి? ఒక పాత్ర బతుకో చావో తేలే చోట. లేదా ఇన్నాళ్ల కథ ఎటో ఒకవైపు తిరిగిపోయే చోట. రాత్రికి ఒక్కసారే. రెండోసారి అవసరం వస్తే మానేయండి, ఆ పాచిక బాహాటంగా వేసుకోండి. ఒక మంటపంలో ఒక పెళ్లికి రెండు ముహూర్తాలు పెట్టరు. మిగతా రాత్రంతా మీ ముందు ఏ అడ్డూ వద్దు. మ్యాపును ఒళ్లో పెట్టుకోండి. నిబంధనల పట్టికలు లేకపోతే ఎలాగని దిగులు పడకండి. గుర్తుకు రాని నిబంధన ఆ రాత్రికి లేనట్టే. పుస్తకం తిరగేసినంతసేపు బల్ల దగ్గర చల్లారిపోయే వేడి మళ్లీ రాదు.

తెర ఎవరు పట్టాలి? పాత్ర చచ్చిపోయినవాళ్లు. ఇది నేను చాలా ఆలోచించి పెట్టుకున్న నియమం. పాత్ర పోయినవాడికి బల్ల దగ్గర పనుండదు, ఫోన్ చూసుకుంటాడు, తొందరగా ఇంటికెళ్తానంటాడు. అతని చేతికి తెర కొస ఇవ్వండి. చావు చూసి వచ్చినవాడు పట్టుకున్న తెరకు ఒక బరువుంటుంది. చచ్చినవాళ్లు ఇద్దరు లేకపోతే, ఆ సన్నివేశంలో లేని పాత్రవాళ్లను పిలవండి. పట్టుకున్నవాళ్లు ఆటగాళ్ల వైపే చూడాలి, లోపలికి తొంగిచూడకూడదు.

పాచిక మీరు వేయకండి. ఎవరి ప్రాణమో వాళ్లే లేచి నిలబడి, కళ్లు మూసుకుని, జీలకర్ర బెల్లం పెట్టేటప్పటిలా తెర మీదుగా చెయ్యి చాచి పళ్లెంలో విడవాలి. మీ రెండు చేతులూ పళ్లేనికి చెరో పక్కన, బల్ల మీద, వేళ్లు విప్పి ఉంచండి. ఆ వేళ్ల నీడలు తెర మీద అందరికీ కనబడుతూ ఉండాలి. పాచిక ఆగాక అంకె మీకు ఒక్కరికే తెలుస్తుంది. అప్పుడు పది ఊపిరులు తీసేంతసేపు కథ చెప్పండి. తెగుతున్న తాడు పోగుల గురించి చెప్పండి, పట్టు జారుతున్న చెమట చేతి గురించి చెప్పండి. బతికాడో చచ్చాడో మాత్రం చెప్పకండి. గొంతులో కూడా తెలియనివ్వకండి. ఇది కష్టం, నాకు ఐదారు వారాలు పట్టింది. తర్వాత “దించండి” అనండి. పాచిక వేసిన మనిషే అంకె చూసి పైకి చదవాలి. ఆ హక్కు వాళ్లది.

ఒక్క విషయంలో మాత్రం నేను గైగాక్స్‌తోనే పేచీ పడతాను. 1979 నాటి తన డంజన్ మాస్టర్స్ గైడ్ అనే నిబంధనల పుస్తకంలో, కథకు అవసరమనిపిస్తే పాచికను కాదనే హక్కు మాస్టర్‌కు ఉందని ఆయన రాశాడు. చాలామంది అట్ట తెర కొనేది ఆ హక్కు కోసమే. ఇష్టమైన పాత్రను కాపాడాలని నాకూ అనిపిస్తుంది, మేనల్లుడి దొంగను కాపాడాలని అనిపించినట్టే. కానీ ఇరవై ముఖాల్లో ప్రతి ముఖానికీ నూటికి ఐదు పాళ్ల అవకాశం ఉంటుంది. ఆ ఐదు పాళ్లను నమ్మే ఆ కుర్రాడు నుయ్యి దిగాడు. ఒకసారి మీరు అంకె మార్చి బతికిస్తే, ఆ తర్వాత వాడు చేసే సాహసాలన్నీ మీ దయ కింద జమ అవుతాయి. నీడ పడే తెర ఉంటే ఈ ప్రలోభమే రాదు. మీ చేతులు అందరి కళ్లెదుటే ఉంటాయి.

మిత్రుడు దీనికీ అడ్డు చెప్పాడు. “మన లష్కర్ల రంగం చెప్పేటప్పుడు తెర పడ్తరా? అందరి ముంగట్నే చెప్తది గద” అన్నాడు. లష్కర్ అంటే మా సికింద్రాబాదే. ఆషాఢంలో లష్కర్ బోనాలైన మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చి కుండ మీద నిలబడి ఒకామె భవిష్యవాణి చెబుతుంది, అదే రంగం. ఇది మా ఊరి ఉదాహరణ కాబట్టి నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. చివరికి నాకు తోచింది ఇది. అక్కడ ఆ పచ్చి కుండే తెర. కాలని మట్టి మీద మనిషి నిలబడినంతసేపూ అది నిలుస్తుందా అని జనం ఊపిరి బిగబట్టి ఉంటారు, ఆ తర్వాతే మాట వస్తుంది. మీ బల్ల దగ్గర అలాంటిది ఉంటే గుడ్డ అక్కర్లేదు. మా బల్ల దగ్గర లేదు.

ఇంకో అడ్డంకి కూడా చెబుతారు, తెర పట్టి దీపం వెలిగించి ట్యూబ్‌లైట్ ఆర్పేసరికి ఆట ఆగిపోతుందని. ఆగనివ్వండి. నేను గడియారం పెట్టి చూశాను, నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఎవరూ ఫోన్ ముట్టుకోరు, మిర్చి బజ్జీ కూడా ముట్టుకోరు. తెర అంటూ లేవబోతుందని తెలియగానే వీపులు నిటారవుతాయి.

మొన్న ఆషాఢంలో ఒక శనివారం మిత్రుడి వంతు వచ్చింది. అతని మాంత్రికుడు పాత వంతెన మీద ఉన్నాడు, కింద వరద. తెర ఒక కొస మేనల్లుడు పట్టుకున్నాడు, ఇంకో కొస మా బామ్మర్ది. మేనల్లుడికి కొత్త పాత్ర మూడు వారాల కిందటే సిద్ధమైంది, షీటు బ్యాగులోనే ఉంది. అయినా ఆ రాత్రి కూడా “మామా, ఈసారి గూడ నేనే పట్టుకుంట” అన్నాడు. కాదనలేదు, మీరూ కాదనకండి. ట్యూబ్‌లైట్ ఆర్పాం. మిత్రుడు లేచాడు, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు. తెర పైఅంచు మీదుగా అతని మణికట్టు నా వైపుకు వచ్చింది. వేళ్లు తెరుచుకున్నాయి. పాచిక పళ్లెం అంచును కొట్టి లోపలికి దొర్లి రెండు చుట్లు తిరిగి ఆగింది. నా వేళ్ల నీడలు తెర మీద కదలకుండా ఉన్నాయి.

నేను వంతెన గురించి చెప్పాను. పుచ్చిన పలకల గురించి, నీటి వాసన గురించి, వెనక్కి చూసిన మాంత్రికుడికి ఒడ్డున కనబడ్డ లాంతరు గురించి. గదిలో ఫ్యాన్ చప్పుడొక్కటే.

“దించుండ్రి” అన్నాను.

తెర దిగింది. మిత్రుడు కళ్లద్దాలు పెట్టుకోకుండానే వంగి పళ్లెంలోకి చూశాడు. కూడలేదు. ఎంత రావాలో అడగలేదు. చాలాసేపు చూసి, “ఆరు” అన్నాడు, చిన్నగా.

లైటు వేశాక అతను కూర్చోలేదు. బామ్మర్ది దగ్గరికెళ్లి చెయ్యి చాచి తెర కొస తీసుకున్నాడు. “అట్ల గాదు అంకుల్, పసుపు మూల పైకుండాలె” అని మేనల్లుడు అవతలి కొస నుంచి చూపించాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడుస్తూ, అంచుకు అంచు కలుపుతూ ఆ గుడ్డ మడతపెట్టారు.